మూడు బోర్లు ఎండాయి, నాలుగోది వేయాలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది కదిరి ప్రాంతపు మహిళా రైతు. వాళ్ళ ఊళ్ళో వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి బడి గోడ మీద రాసే పని చాలా ఏళ్ళుగా ఆమే చేస్తున్నారు. ఈసారి ఎక్కువ ఉత్తరాలు నీళ్ళ గురించే వచ్చాయి.)

అక్కా, మాది తనకల్లు వైపు. నాలుగున్నర ఎకరాల ఎర్రనేల. మూడు బోర్లు వేశాను. మొదటిది కొన్నేళ్ళు బాగా పోసి ఇప్పుడు సన్నగా వస్తోంది. రెండోది ఒక్క ఎండాకాలానికే ఎండింది. మూడోది పడనే లేదు. వెయ్యి అడుగులు దాటిస్తే కచ్చితంగా పడుతుందని బోరుబండి వాళ్ళు అంటున్నారు. బావమరిది అప్పు ఇప్పిస్తానంటున్నాడు. ఇంట్లో మాత్రం ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

తమ్ముడూ, వేయొద్దు. ఎందుకో చెప్తాను, విన్నాక నువ్వే ఆలోచించుకో.

మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు. పైన కాస్త మట్టి, దాని కింద మొరం, ఆ కింద ఏళ్ళ తరబడి నానీ ఎండీ మెత్తబడిన రాయి. నీళ్ళు దండిగా నిలిచేది ఆ మెత్తరాయిలోనే. మన వైపు చాలా చోట్ల ఆ పొర అరవై, డెబ్భై అడుగులకే అయిపోతుంది. ఆ తర్వాతంతా గట్టి బండ. బండలో నెర్రెలుంటే వాటిలో నీళ్ళుంటాయి, నెర్రెలు లేకపోతే నీళ్ళూ లేవు. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు నెర్రెలు సన్నబడతాయి, వాటి సంఖ్యా తగ్గుతుంది. ఎనిమిది వందల అడుగుల్లో నీళ్ళు పడ్డాయనుకో, అవి కూడా పైపొర నుంచి నెర్రెల వెంబడి ఎప్పుడో దిగినవే. పైపొర ఎండిపోయాక కింది నెర్రెను మళ్ళీ నింపే దిక్కు లేదు. లోతు బోర్లు మొదట్లో ఎగజిమ్మి, ఒకటి రెండేళ్ళలోనే వట్టిపోయేది ఇందుకే.

నీ మూడో బోరు వేసేటప్పుడు బండి పక్కన నిలబడే ఉంటావు. పైకొచ్చే పొడి మొదట ఎర్రగా ఉంటుంది, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆపైన బూడిద రంగు దుమ్ము లేస్తుంది. నెర్ర తగిలితే ఆ పొడి తడిసి ముద్దగా వస్తుంది. వందల అడుగులు వరసగా పొడి దుమ్మే లేస్తుంటే అక్కడితో ఆపించాలి. కానీ ఆ పూట ఆపించే ధైర్యం ఎవరికుంటుంది? అప్పటికే పెట్టిన డబ్బు కళ్ళముందు కనపడుతుంటుంది. ఇంకో యాభై, ఇంకో యాభై అంటూ పోతాం. అడుగు లెక్కన డబ్బు తీసుకునే మనిషి ఇక చాలని చెప్పడు. వెయ్యి అడుగుల బోరు, కేసింగు, అంత లోతు నుంచి తోడే మోటారు, పైపులు, కేబులు అన్నీ కలిపితే లక్షల్లో మాట. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు నెలకు రెండు వేలు. బోరు పోసినా పోయకపోయినా ఆ రెండు వేలు ఆగవు.

దానికంటే నీ మొదటి బోరు సంగతి చూడు. సన్నగా వస్తోందన్నావు కానీ ఎంత వస్తోందో రాయలేదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడు. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు ఆడాక చూడు. అసలు లెక్క అప్పుడే తేలుతుంది. మూడు నిమిషాల ఇరవై సెకన్లకు నిండిందనుకో, సెకనుకు లీటరు వస్తున్నట్టు. అంటే గంటకు 3,600 లీటర్లు. ఏడు గంటలు ఆడితే రోజుకు 25 వేల లీటర్లు, వంద రోజుల పంటకు 25 లక్షల లీటర్లు. ఎకరా రాగికి ఆరుతడి కింద, అంటే నీళ్ళు నిలపకుండా అప్పుడప్పుడు తడిపితే, 14 లక్షల లీటర్ల దాకా కావాలి. కాబట్టి నీ సన్నటి బోరుతోనే ఎకరంన్నర రాగి ధైర్యంగా పండించుకోవచ్చు. అదే బోరు కింద వరి నాటితే ఎకరంలో సగానికి చాలినా చాలకపోయినా అన్నట్టుంటుంది, చివరి తడులకు నువ్వు రాత్రీ పగలూ స్టార్టరు దగ్గరే కూర్చోవాలి. రెండు గంటలు ఆడకముందే మోటారు గాలి పీలుస్తోందంటే ఈ లెక్కను సగానికి తగ్గించుకో.

ఇంట్లో ఒప్పుకోవడం లేదన్నావు కదా, ఆ మాట విను. బోరు అప్పుకు మొదట తాకట్టుకు పోయేది ఆమె మెడలోదే. ఆమెకు ఆ లెక్క ముందే తెలుసు.

కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళను నమ్మవచ్చా? – ఒక యువ రైతు, మదనపల్లె దగ్గర

నమ్మి డబ్బు పెట్టొద్దు నాయనా. మెత్తరాయి పొరలో నీళ్ళున్న ఊళ్ళో ఎక్కడ వేసినా ఎంతో కొంత పడుతుంది, అది ఆయన ఖాతాలోకి పోతుంది. పడని బోర్లను ఎవరూ గుర్తు పెట్టుకోరు. భూగర్భ జల శాఖలో జియాలజిస్టులు ఉంటారు, అర్జీ పెట్టుకో. నేలలో నాలుగు కడ్డీలు దిగేసి, కరెంటు పంపి, కింది పొరలు దానికి ఎంత అడ్డుపడుతున్నాయో చూస్తారు. తడి పొర ఒక రకంగా, పొడి బండ ఇంకో రకంగా చూపిస్తుంది. అది కూడా నూటికి నూరుపాళ్ళు హామీ కాదు. కానీ ఇక్కడ వేయొద్దని చెప్పగలిగే మనిషి దొరుకుతాడు, బోరు విషయంలో అంతకంటే విలువైన సలహా లేదు.

అక్కా, మా ఆయన పోయాక రెండెకరాల సేద్యం నేనే చూసుకుంటున్నా. పక్క చేని ఆయన మా గట్టుకు ముప్పై అడుగుల్లో కొత్త బోరు వేశాడు. అప్పటి నుంచి మా బోరులో నీళ్ళు సగానికి పడిపోయాయి. ఆయన వరసకు నాకు మామ అవుతాడు. గొడవ పెట్టుకోలేను, ఊరుకోనూ లేను. కేసు పెట్టవచ్చా?

చెల్లెమ్మా, ముందు చట్టం సంగతి చెప్తాను. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, అందరూ వాల్టా అంటారు. దాని ప్రకారం బోరు నమోదు చేయించుకోవాలి, బోరుబండి కూడా రిజిస్టరై ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. నీటిని మితిమీరి తోడేసిన ఊళ్ళని ప్రభుత్వం నోటిఫై చేసిన చోట సాగుకు కొత్త బోర్లే వేయకూడదు. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో, ఆయన అనుమతి తీసుకున్నాడో లేదో గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకో. అనుమతి లేకపోతే తహశీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు.

అయితే నా నీళ్ళు ఆయన తోడేశాడు, నష్టపరిహారం ఇప్పించండి అని కోర్టుకు పోతే గెలవడం చాలా కష్టం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలోపల ఒక కాలువగా పారకుండా ఊరికే ఊరే నీళ్ళను ఎవరి పొలంలో వాళ్ళు తోడుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. ఏతం తొక్కి తోడుకునే రోజుల్లో రాసిన మాట అది. అప్పుడు ఎవరు తోడినా పక్కవాడి బావికి పెద్దగా ఏమీ అయ్యేది కాదు. సబ్‌మెర్సిబుల్ మోటార్లు, ఉచిత కరెంటు వచ్చాక కూడా అదే మాట మీద బతుకుతున్నాం. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను. నేల మీది చెరువుకు ఆయకట్టు లెక్క ఉంది, నీళ్ళు పంచే నీరుగంటి ఉండేవాడు. నేల కింది నీళ్ళకు మాత్రం డబ్బున్నవాడి లోతే లెక్క అయిపోయింది.

ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. రెండు బోర్లూ ఒకే కుండలో పెట్టిన రెండు గొట్టాలని మొదట రుజువు చేయాలి. ఒక రోజు పొద్దున నీ మోటారు వేయకుండా ఉంచు. తాడుకు చిన్న బరువు కట్టి కేసింగు సందులో నుంచి దించి, నీళ్ళు తగిలిన చోట తాడుకు ముడి వేసుకో. ఆయన మోటారు మూడు గంటలు ఆడాక మళ్ళీ దించు. నీటిమట్టం కిందికి పోయిందంటే రెండు బోర్లకూ ఒకే నెర్ర. ఈ పని ఒంటరిగా చేయొద్దు. ఆయన్ని, ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి వాళ్ళ ముందే చెయ్యి. మాటకు మాట పెరిగే చోట తాడు మీది ముడి పనికొస్తుంది.

తేలాక ఒప్పందానికి రండి. ఇద్దరూ ఒకేసారి తోడితే మట్టం పడిపోయి ఇద్దరి మోటార్లూ కాలతాయి, ఆయనకూ నష్టమే. రోజు మార్చి రోజు తోడుకోవడం ఒక పద్ధతి. ఇద్దరి పైపులూ కలిపి, ఒక్క బోరే నడిపి, రెండోదాన్ని విశ్రాంతికి వదలడం ఇంకా మంచిది. ఏ ఏడాది ఏ పంట, ఎవరికెన్ని తడులు అనేది కాగితం మీద రాసుకోండి. మామ వరస కదా అని కాగితం వద్దనుకోవద్దు, వరస ఉన్నచోటే కాగితం ఎక్కువ అవసరం. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలా బోర్లను ఉమ్మడి చేసి పైపులైన్లతో కలుపుకున్న ఊళ్ళున్నాయి. బోరు ఉన్నవాళ్ళు లేనివాళ్ళ చేలకు ఎండు రోజుల్లో ఒక తడి ఇస్తారు, బదులుగా ఆ ప్రాంతంలో కొత్త బోరు వేయమని అందరూ మాట ఇచ్చుకుంటారు. బోరు లేనివాడికి నీళ్ళు, బోరున్నవాడికి తన బోరు ఎండదన్న ధీమా. ఇది జరిగే పనే.

మేడమ్, నేను బడిలో పనిచేస్తాను. మా పిల్లలతో ఊరి నీళ్ళ లెక్క కట్టించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? పెద్దలు ఒప్పుకుంటారా?

మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది. కాస్త వివరంగా రాస్తాను.

ఇది కొత్త పని కాదు. 2003 నుంచి కొన్నేళ్ళపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలు కొలుచుకునే కార్యక్రమం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేసింది. అందులో ఎవరికీ జరిమానా లేదు, ఫలానా పంట వేయొద్దన్న ఆంక్ష లేదు. వాన ఎంత పడింది, బోర్లలో మట్టం ఎంత ఉంది, రబీలో ఎవరు ఏం వేయాలనుకుంటున్నారు అన్నవి ఊరందరి ముందు పెట్టి కూడికలు, తీసివేతలు చేసేవారు, అంతే. నేను తాడు పట్టుకోవడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

లెక్కకు మూడు అంకెలు చాలు. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరా మీద పడితే సుమారు 4 వేల లీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. అందులో మన రాతినేలలో కిందికి ఇంకేది నూటికి పది పాళ్ళ దాకా. మిగిలింది ఆవిరవుతుంది, చెట్టూ చేనూ తాగుతాయి, వాగులో పోతుంది.

ఇప్పుడు వెయ్యి ఎకరాల ఊరిని తీసుకోండి. 550ని 4 వేలతో, దాన్ని వెయ్యితో హెచ్చిస్తే 220 కోట్ల లీటర్లు. పిల్లలు ఈ అంకె చూసి ఆశ్చర్యపోతారు, మనకింత నీళ్ళున్నాయా అంటారు. పదో వంతు తీయించండి, 22 కోట్లు. ఊళ్ళో వెయ్యి మంది ఉంటే, మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన ఏడాదికి 2 కోట్లు ఇంటి వాడకానికే పోతాయి. మిగిలేది 20 కోట్లు. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు. ఊరంతా వరే వేస్తామంటే 41 ఎకరాలతో ఆ 20 కోట్లు ఖాళీ. నీళ్ళు కట్టి పండించే వేరుశనగ అయితే, ఎకరాకు 20 లక్షల లెక్కన, వంద ఎకరాలు. రాగి అయితే 140 ఎకరాలు దాటుతుంది. మడిలో పెట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందికే దిగుతుంది కాబట్టి ఇది చిల్లుకాసుల దాకా కచ్చితమైన లెక్క కాదు. కానీ ఊరి పరిస్థితి ఏమిటో చెప్పడానికి చాలు.

ఇంకొక్క లెక్క చేయించండి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. వానాధారం వేరుశనగ చేలో ఊడలు దిగే వేళకు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే కాయ ఊరదు. అప్పుడు 25 మిల్లీమీటర్ల తడి ఒక్కటి పడితే పంట నిలబడుతుంది. 25 మిల్లీమీటర్లంటే ఎకరాకు లక్ష లీటర్లు. ఎకరా వరి తాగే నీళ్ళు 48 లక్షలు. దారిలో కొంత పోయినా, ఒక ఎకరా వరి నీళ్ళతో నలభై ఎకరాల వేరుశనగను ఒక తడిచ్చి కాపాడుకోవచ్చు. ఈ ఒక్క ముక్క బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి. నలభై ఎకరాలంటే ఎన్ని ఇళ్ళో మీ పిల్లలకు పేర్లతో సహా తెలుసు.

కొలిచే పనీ పిల్లలతోనే చేయించండి. వర్షమాపకం బడి ఆవరణలో చెట్లకు, గోడలకు దూరంగా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి, వాతావరణ శాఖ వాళ్ళు చూసేదీ ఆ వేళకే. నీటిమట్టానికి ఊరి నాలుగు దిక్కులా నాలుగైదు బోర్లు ఎంచుకోండి. పదిహేను రోజులకోసారి, రాత్రంతా మోటారు ఆగి ఉన్న బోరులో తెల్లవారి కొలవాలి. ఒక వింత చూస్తారు. మన రాయిలో నీళ్ళు పట్టే చోటు నూటికి రెండు పాళ్ళే. కాబట్టి 55 మిల్లీమీటర్లు ఇంకితే మట్టం తొమ్మిది అడుగులు లేస్తుంది. సెప్టెంబరులో రెండు మంచి వానలు పడగానే బోర్లు నిండాయని ఊరంతా సంబరపడేది దీనికే, సంక్రాంతి దాటగానే దిగిపోయేదీ దీనికే. కొలిచిన పిల్లలకు ఆ సంబరంలో ఎంత నిజముందో తెలుస్తుంది.

పెద్దలు ఒప్పుకుంటారా అని అడిగారు. అందరూ ఒప్పుకోరు. మా ఊళ్ళో కూడా లెక్క చెప్పిన ఏడాదే వరి మానలేదు. కానీ లెక్క గోడ మీద ఉంటే, ఎవరు ఎంత వాడుతున్నారో అందరికీ కనపడుతుంది. అక్టోబరులో, రబీ విత్తనం కొనకముందే ఊళ్ళో కూర్చోబెట్టండి. విత్తనం ఇంటికొచ్చాక ఎవరూ వినరు. డ్రిప్పు పెట్టుకున్నవాళ్ళను ప్రత్యేకంగా అడగండి, మిగిలిన నీళ్ళు ఏం చేశారని. డ్రిప్పుతో నీళ్ళు ఆదా అయ్యాయని ఇంకో రెండెకరాలు పెంచితే తోడేది అంతే ఉంటుంది. డ్రిప్పు మంచిదే, ఎకరాలు పెంచనప్పుడు.

హంద్రీ-నీవాతో మా చెరువు నిండుతోంది. ఇక బోర్ల గురించి ఇంత టెన్షన్ అవసరమా? – పెనుకొండ వైపు రైతు

అన్నా, శ్రీశైలం వెనక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తి ఇంత దూరం తేవడం మన సీమకు పెద్ద వరమే. చెరువులో నీళ్ళు చూస్తే నాకూ కడుపు నిండుతుంది. కానీ కృష్ణకు పైన వానలు తగ్గిన ఏడాది మన కాలువకు వచ్చేదీ తగ్గుతుంది. కొన్ని ఊళ్ళలో రైతులే తూములు మూసుకుని చెరువును ఊటచెరువుగా మార్చుకున్నారు, కింద బోర్లూ బావులూ ఆ ఊటతో బతుకుతున్నాయి. మీ చెరువును తూము కింద వాడాలా, ఊటకు వదలాలా అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోండి. నిండిన ఏడాదే కూర్చోవాలి. ఎండిన ఏడాది కూర్చుంటే తగాదానే.

అమ్మా, మా పిల్లాడి పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయి. ఫ్లోరైడు అంటున్నారు. బోరు నీళ్ళు కాచి చల్లార్చే ఇస్తున్నాం. సరిపోదా? – ఒక తల్లి

అమ్మాయీ, కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మన రాతిలోనే ఫ్లోరైడు ఉంది, నీళ్ళు లోతుకు పోయి ఎక్కువకాలం రాతిలో నిలిస్తే ఎక్కువగా కరుగుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మన తెలుగునేల మీదే. బోర్ల లోతు పెరిగేకొద్దీ ఈ బాధ కొత్త ఊళ్ళకూ వస్తోంది.

మొదట మీ బోరు నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించు. పాత చేదబావి ఏదైనా బతికి ఉంటే దాని నీళ్ళూ తీసుకెళ్ళు, చాలాచోట్ల పైపొర నీళ్ళలో ఫ్లోరైడు తక్కువగా ఉంటుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళది. కానీ ఎంత పటిక వేయాలన్నది నీటిని బట్టి మారుతుంది, అందాజుగా వేయొద్దు. ల్యాబు వాళ్ళు కొలత చెప్తారు.

నేను నీకు గట్టిగా చెప్పేది మిద్దె మీద వాననీళ్ళు. ఐదు వందల చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 20 వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. ఐదుగురికి తాగడానికి, వంటకు ఏడాదికి 15 వేలు చాలు. మొదటి వాన బయటికి వదిలేయాలి, మిద్దె ఊడ్చి ఉంచుకోవాలి, తొట్టికి మూత ఉండాలి, వెలుతురు చొరకూడదు. ఈ నీళ్ళను మాత్రం కాచుకునే తాగండి. ఐదు వేల లీటర్ల తొట్టి కట్టుకున్నా నాలుగు నెలలు గడుస్తుంది. పప్పు, అన్నం కూడా ఆ నీళ్ళతోనే వండు, ఫ్లోరైడు తిండిలో నుంచి కూడా ఒంట్లోకి పోతుంది. పిల్లాడికి పాలు, రాగి, మునగాకు, ఉసిరి, నిమ్మ పెట్టు. డికాక్షన్ టీ ఇవ్వొద్దు. వచ్చిన చారలు నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు, కానీ ఎముకల దాకా పోకుండా ఆపవచ్చు. చిన్నపిల్లలు ఇంకా ఉంటే వాళ్ళకు ఈ రోజు నుంచే మార్చు.

అక్కా, మేము గొర్లోళ్ళం. ఒకప్పుడు శెనక్కాయ పెరికాక చేలన్నీ మావే. ఇప్పుడు ఎక్కడ చూసినా కంచెలు, చీనీ తోటలు, మామిడి తోటలు. ఎండాకాలం మందను ఎక్కడికి తోలాలో తెలీడం లేదు. మా మాట ఎవరూ రాయరు, మీరైనా రాయండి.

రాస్తాను తమ్ముడూ. నీళ్ళ గురించి మాట్లాడినప్పుడల్లా బోరున్న రైతు గురించే మాట్లాడతాం, నాతో సహా అందరం. నీ మందకు బోరు లేదు, వాగులో చెలిమ, కుంటలో అడుగు నీళ్ళు, గట్టు మీది గడ్డి, ఇవే. వేరుశనగ తగ్గి తోటలు పెరిగితే రైతుకు ఒక రకంగా మేలు కావచ్చు, నీకు మాత్రం మేతా దారీ రెండూ పోయాయి.

ఈ మాట తోటల రైతులకు కూడా చెప్తున్నాను. రాత్రుళ్ళు చేలో గొర్రెల మంద కట్టించుకున్న చేను మట్టి చేతిలోకి తీసుకుని చూడండి. గొర్రె ఎరువు పడిన నేల వాన నీళ్ళను ఎక్కువ పట్టుకుంటుంది, రెండేళ్ళ దాకా ఆ బలం ఉంటుంది. ఒకప్పుడు చేలో మంద కట్టినందుకు రైతులు గొర్లవాళ్ళకు గింజలు, డబ్బులు ఇచ్చేవారు. తోట కాపు అయ్యాక, చెట్లు ఎదిగిన తోటలో వేసవికి మందను నిలపనివ్వండి, చిన్న మొక్కల తోటలకు మాత్రం కంచె ఉంచుకోండి.

నీకు రెండు పనులు చెప్తాను. ఊరి మేతబీడు, వాగు పోరంబోకు సర్వే నంబర్లు సచివాలయంలో తీసుకో. ఆక్రమణలో ఉన్నది ఎంత, మిగిలింది ఎంత అన్నది కాగితంలో ఉంటే గ్రామసభలో నీ మాటకు బలం వస్తుంది. రెండోది, తొలకరికి ముందే ఎండు నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతి ఇప్పుడు ప్రకృతి సేద్యం చేసేవాళ్ళలో పెరుగుతోంది. విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ఎరువు), బూడిద పట్టించి ఏప్రిల్, మే నెలల్లోనే చల్లుతారు. చిన్న వానకే మొలిచి నేలను కప్పుతాయి. ఆ చేలవాళ్ళతో ముందే మాట్లాడుకో. కోసి వేసుకోవడానికి కొంత మేత, బదులుగా పంట ముందు రెండు రాత్రులు మంద. మీ సంఘం తరఫున అడిగితే ఒంటరిగా అడిగినదానికంటే బాగా జరుగుతుంది.

నమస్తే ఆంటీ, నేను డాలస్‌లో పనిచేస్తున్నాను. మా తాతగారి ఊరు కదిరి దగ్గర. నాన్న పేరు మీద ఊరికి ఒక బోరు వేయించాలని ఉంది. ఎంత లోతు వేయించమంటారు?

బాబూ, నాన్న పేరు ఊళ్ళో నిలవాలన్న నీ కోరిక మంచిది. బోరు కాకుండా ఇంకేదైనా అడుగు. ఇప్పటికే ఉన్న బోర్ల నీళ్ళనే నీ బోరు కూడా తోడుతుంది, నాలుగేళ్ళకు అది ఎండితే పేరున్న రాయి ఒక్కటీ మిగులుతుంది.

మీ తాతగారి ఊరికి తప్పకుండా ఒక చెరువో కుంటో ఉంటుంది. దానికి గుట్ట మీది నీళ్ళు తెచ్చే కాలువ ఉంటుంది. చాలా ఊళ్ళలో చెరువు కట్ట బాగానే ఉంటుంది, ఆ కాలువే పూడిపోయి, కంపచెట్లు మొలిచి, ఎవరో కాస్త చేలో కలుపుకుని ఉంటారు. వాన పడినా చెరువుకు నీళ్ళు రావు. కట్టకు సిమెంటు మెట్లు కట్టించడానికి ముందుకొచ్చే దాతలు ఎందరో, ఆ కాలువ తీయించే దాత దొరకడు. కొత్త బోరుకు పెట్టే డబ్బుతోనే కంప కొట్టించి, పూడిక తీయించి, గండ్లు పూడ్పించవచ్చు. చెరువులో తీసిన ఒండ్రు రైతులే తమ ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటారు, దానికి డీజిల్ సాయం చేస్తే చాలు.

డబ్బు ఒక మనిషి చేతికి పంపొద్దు. పంచాయతీ తీర్మానం చేయించు. కాలువ సర్వే కొలతలు వేయించి హద్దురాళ్ళు నాటించు, లేకపోతే రెండేళ్ళకు మళ్ళీ చేలో కలిసిపోతుంది. కాలువ పక్క రైతులతో ముందే మాట్లాడమను, వాళ్ళు ఒప్పుకోకపోతే ఏ జేసీబీ లోపలికి రాదు. పనంతా రోహిణి కార్తెలోపు అయిపోవాలి. ఇది మార్చి నెల. మీ పెదనాన్నగారో, చిన్నాన్నగారో ఊళ్ళో ఉంటే ఈ వారంలోనే ఫోన్ చేసి, కాలువ ఎక్కడెక్కడ పూడిందో నడిచి చూసి ఫొటోలు పంపమను.